మూడో నంబరు మిస్సింగ్

“వానలు మొదలయ్యేలోపు ఈ షెడ్డుకి పొగ బయటికి లాగే ఫ్యాను పెట్టిస్తాను. మాటంటే మాటే.”

ఈ మాట అన్నది వర్క్‌షాపుల సందు చివరి షెడ్డు యజమాని. విన్నది అక్కడ పనిచేసే ఇద్దరు మెకానిక్కులు. ఒకరు మా నాన్న. ఇంకొకరు మా అమ్మ తమ్ముడు, మా మావయ్య.

వానలొచ్చాయి, వెలిశాయి. మళ్లీ వచ్చాయి. ఫ్యాను రాలేదు.

దాని బదులు ఆ షెడ్డుకి దెయ్యం వచ్చింది.

ఆ సందు పగలంతా చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. టైర్లవాళ్లు, రేకు సాపు చేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు... అందరినీ దాటుకుని వెళ్తే చివర ఆ షెడ్డు. మూడువైపులా ఇటుక గోడ, ముందు ఒక ఇనప షట్టరు. కిటికీ లేదు. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్లరు. చలికి షట్టరు దించుకుని లోపల పనిచేసినవాళ్లకి తల బరువెక్కుతుందట. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుందట. వెనక ఎవరో దగ్గుతారట... తిరిగి చూస్తే ఎవరూ ఉండరట. పాలిష్ పట్టే ఒకతను పని మధ్యలో గుడ్డ అక్కడే పడేసి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ సందు మొహం చూడడు.

ఎందుకంటే, మా నాన్న చనిపోయింది అక్కడే.

పొద్దున్నే షట్టరు ఎత్తినవాళ్లకి ఒక పాత స్పోర్ట్స్ కారు పక్కన పడి కనిపించాడు. రెండే సీట్లు, నేలకి ఆనుకున్నట్టుండే ఎర్ర కారు. యజమాని సొంతం. సందులో అందరూ దాన్ని ‘ఎర్రది’ అనే అంటారు. ఇంజను ఆగి ఉంది. తాళంచెవి నాన్న చొక్కా జేబులో ఉంది.

“పొగ అంటారేంటయ్యా? ఇంజను ఆగే ఉంది కదా! పాపం, గుండె ఆగింది” అన్నాడు యజమాని. చూసిన డాక్టరూ గుండె అనే రాశాడు. సందు మాత్రం దెయ్యం అంది.

గుండె అయినా, దెయ్యమైనా ఆయనకి ఒకటే. రెండిట్లో దేనికీ ఫ్యాను పెట్టాల్సిన పని లేదు.

భయం ఉన్నచోట దానివల్ల లాభపడేవాడు ఒకడు ఉంటాడని నేను పుస్తకాల్లో చదివాను, సభల్లో అరిచాను. మావయ్య దగ్గర కూడా అన్నాను. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, “అల్లుడూ, నీకు సైలెన్సర్ ఊడిందిరా” అన్నాడు.

ఇక ఆ షెడ్డులో మావయ్యకి జరిగిందంతా ఆయన చెప్పిందే. నేను అక్కడ లేను.

మావయ్యకి సందులో ‘చెవి’ అని పేరు. ఇంజను ముందు కళ్లు మూసుకుని నిలబడి జబ్బు చెప్పేస్తాడు. ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవడం కూడా ఆయనకి బాగా వచ్చు. నాన్నది కన్ను. ఏదైనా కళ్లారా చూస్తేగానీ నమ్మేవాడు కాదు. ఇంజను సరిగ్గా తిరగకుండా కొట్టుకుంటుంటే దాన్ని వాళ్లు ‘మిస్సింగ్’ అంటారు. అంటే ఒక సిలిండరు పనిచేయడం మానేసి, మిగతావి దాన్ని మోస్తున్నాయన్నమాట. ఏ బండి మిస్సింగ్‌తో వచ్చినా మావయ్య “పెట్రోలు సరిగ్గా అందట్లేదు, కార్బురేటరు” అనేవాడు. నాన్న “కరెంటు సరిగ్గా అందట్లేదు, వైరో ప్లగ్గో” అనేవాడు. బావా బావమరుదులు కదా, ఆ వాదన భోజనాల దగ్గరికీ వచ్చేది.

ఎర్రదాని విషయంలో పందెం కూడా వేసుకున్నారు. ఓడినవాడు గెలిచినవాణ్ణి సందు మధ్యలో నిలబడి “గురువుగారూ” అని పిలవాలి.

పందెం తేలకముందే నాన్న పోయాడు. ఆ రాత్రి మావయ్య దారిలో ఆగిపోయిన ఒక లారీ కోసం పక్క ఊరు వెళ్లాడు. నాన్న ఒక్కడే పనిచేశాడు. ఎర్రదాని మీద తార్పాలిన్ కప్పారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మావయ్య కూడా ఆ షెడ్డు మానేశాడు.

మొన్న చలికాలం చివర్లో యజమాని ఫోను చేశాడు. కారు కొనడానికి ఎవరో వస్తున్నారట. “నువ్వు తప్ప దాని మాట ఎవరికీ అర్థం కాదయ్యా” అన్నాడు.

అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “ఒరేయ్ తమ్ముడూ, ఆ షెడ్డులో కాలు పెట్టావంటే నా మీద ఒట్టే!”

“బ్యాటరీ ఇచ్చేసి వచ్చేస్తానక్కా. కాలు బయటే పెడతాను, చెయ్యి మాత్రం లోపల పెడతాను” అన్నాడు మావయ్య.

ఎందుకు వెళ్లావని తర్వాత అడిగాను. “ఓడిపోవడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదరా. మీ నాన్న పోయాక నేను ఏం చెప్పినా అందరూ ఊ అంటున్నారు... ఆ ఊ వినలేక చస్తున్నాను. బావ చివరిసారి దేనితో పోట్లాడాడో నేనూ దానితో ఒకసారి పోట్లాడదామనిపించింది.”

ఆయన వెళ్లేసరికి సందు కట్టేస్తోంది. ఒక్కో షట్టరూ దిగుతోంది. ఒక్కో దీపం ఆరుతోంది. చివరికి మిగిలింది ఆయనా, షెడ్డు ఎదురుగా వీధి దీపమూ.

తార్పాలిన్ లాగాడు. దుమ్ము లేచింది. కొత్త బ్యాటరీ బిగించి, పెట్రోలు పోసి, తాళం తిప్పాడు. ఎర్రది మూలిగింది, ఆగింది, మళ్లీ మూలిగింది... అందుకుంది.

కానీ సరిగ్గా కాదు. కుంటివాడు మెట్లెక్కినట్టు ఒక దెబ్బ తప్పి ఒక దెబ్బ. బండి మొత్తం వణుకుతోంది. మడ్‌గార్డు మీద పెట్టిన స్పానరు జరిగి జరిగి కింద పడింది.

మావయ్య జేబులోంచి రబ్బరు గొట్టం తీశాడు. ఒక కొస చెవిలో, ఇంకో కొస రెండు కార్బురేటర్లలో మొదటిదాని నోటి దగ్గర. గాలి పీల్చే చప్పుడు... స్స్స్... సన్నగా, నిలకడగా. రెండో దాని దగ్గర పెట్టాడు. అదే చప్పుడు. వెంట్రుకవాసి తేడా లేదు.

అంటే కార్బురేటర్లు బాగున్నాయి. మావయ్యకి అది నచ్చలేదు. మళ్లీ విన్నాడు. మళ్లీ అదే.

“సరే బావా... నీ కరెంటే చూద్దాం” అని గొణిగాడు.

ఇంజను తిరుగుతుండగానే పటకారుతో ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూడడం మొదలుపెట్టాడు. పనిచేసే సిలిండరు వైరు పీకితే ఇంజను ఇంకా కుంగుతుంది. ఒకటో నంబరు పీకాడు, కుంగింది. తిరిగి పెట్టాడు. రెండో నంబరు, కుంగింది. మూడో నంబరు...

ఏ మార్పూ లేదు. ఉన్నా లేకపోయినా ఒకటే.

మూడో నంబరు మిస్సింగ్.

కొత్త ప్లగ్గు వేసి మళ్లీ స్టార్ట్ చేశాడు. అదే కుంటి నడక. మళ్లీ బోనెట్ కింద తల పెట్టి వింటూ, ఏళ్ల తరబడి అలవాటు కదా... నోటి వెంట వచ్చేసింది.

“బావా, కొంచెం రేజ్ చెయ్యి.”

ఇంజను లేచింది.

ఎవరో యాక్సిలరేటరు మీద మెల్లగా పాదం పెట్టినట్టు... అంత సాఫీగా లేచి, ఒక్క క్షణం నిలబడి, దిగింది.

మావయ్య తల ఎత్తలేదు. ఎత్తితే డ్రైవరు సీటు కనిపిస్తుంది. కనిపించాలని ఉందో, కనిపించకూడదని ఉందో ఆయనకే తెలియలేదట.

దానికి నా దగ్గర జవాబుంది. చచ్చిన సిలిండరు మధ్యలో ఒకసారి అందుకుంటే ఇంజను దానంతటదే లేస్తుంది. మావయ్యతో అన్నాను. “అది నాకు నువ్వు నేర్పాలా? లేస్తుందని తెలుసు. నేను అడిగినప్పుడే లేవాలా?” అన్నాడు.

ఇక మిగిలింది ఒకటే పరీక్ష. మా నాన్న పరీక్ష. వైరు తొడుగు ఎక్కడైనా చిట్లితే కరెంటు ప్లగ్గు దాకా వెళ్లకుండా అక్కడే బయటికి దూకుతుంది. ఆ నిప్పురవ్వ పగలు కనిపించదు. లైటులో కనిపించదు. చిక్కటి చీకటి కావాలి.

మావయ్య లైటు ఆపాడు. చాలలేదు. ఎదుటి వీధి దీపం వెలుగు సగం ఎత్తిన షట్టరు కింద నుంచి నేల మీద పరుచుకుని ఉంది.

వెళ్లి షట్టరు నేలదాకా దించి, లోపలి కొక్కెం వేశాడు.

బయటివాడెవడూ ఆ పని చేయడు. ఇంజను ఆన్‌లో పెట్టి, తలుపు మూసుకుని, లైటు ఆర్పి నిలబడడమంటే ఎవరికైనా పిచ్చి అనిపిస్తుంది. ఈ పని తెలిసినవాడికి మాత్రం అందులో వింత ఏమీ లేదు. చీకటి కోసం షట్టరు దించేవాడికి పొగ గుర్తుండదు. రవ్వ మాత్రమే గుర్తుంటుంది.

చీకటి... అందులో ఇంజను తడబాటు. ఎంతసేపు అలా నిలబడ్డాడో ఆయనకి తెలియదు.

అప్పుడు కనిపించింది. మూడో వైరు మీద, ఇంజను వెనక వైపు, చెయ్యి అందీ అందని చోట... నీలంగా... దారప్పోగంత సన్నగా. చిటుక్కుమని ఇనుము మీదికి దూకుతోంది. ఆరుతోంది. మళ్లీ దూకుతోంది.

కరెంటే. నాన్న చెప్పిందే.

మావయ్య ఆ చీకట్లో నవ్వాడట. నవ్వి, చేతులు కట్టుకుని, గట్టిగా అన్నాడట...

“గురువుగారూ!”

వినడానికి ఎవరూ లేరు. అంత ఒంటరితనం తన జన్మలో ఎరగనని చెప్పాడు మావయ్య. మీద పడి నవ్వాల్సిన మనిషి, నెలరోజులు దెప్పాల్సిన మనిషి... లేడు. ఇంజను మాత్రం కొట్టుకుంటోంది.

దాన్ని ఆపాడు. తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. వైరు ముట్టుకునే ముందు మెకానిక్ ఎవడైనా చేసే పనే అది. టార్చి పళ్లమధ్య పట్టుకుని ఇంజను వెనక్కి వంగి చూశాడు.

మూడో వైరు చుట్టూ నల్లటేపు ఉంది.

సగమే ఉంది. చిట్లిన చోట సగం దాకా నాలుగు చుట్లు నున్నగా చుట్టి... అక్కడ ఆగిపోయింది. టేపు చుట్ట తెగకుండా ఆ వైరుకే వేలాడుతూ, వెనక రేకుకి అంటుకుపోయి ఉంది. దాని మీద గ్రీజు వేలిముద్ర.

ఎర్రదాన్ని ఆఖరిసారి ముట్టుకున్నది ఒక్కడే.

బావ కనిపెట్టేశాడు... చుడుతున్నాడు... చుడుతూ చుడుతూ...

మావయ్య ఆ చుట్టని చేతిలోకి తీసుకున్నాడు. నాన్న ఆపిన చోట నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. వేళ్లు మాట వినడం లేదు. తల సీసం పోసినట్టు ఉంది. ఏడుపు వస్తోందనుకున్నాడు. గుండెల మీద బరువు... అదీ ఏడుపే అనుకున్నాడు. టార్చి నోట్లోంచి జారి ఎక్కడో పడింది.

అప్పుడు డ్రైవరు సీటు వైపు నుంచి దగ్గు వినిపించింది.

“బావా?”

మళ్లీ దగ్గు. ఆ తర్వాత ఒక గుసగుస. విసుగ్గా, వెటకారంగా... ఇంట్లో ఎప్పుడూ వినే గొంతు.

“ఒరేయ్ బామ్మర్దీ... చెవులున్నాయి సరే. ముక్కు లేదట్రా నీకు? షట్టరు...”

మావయ్య మోకాళ్ల మీద పడ్డాడు. షట్టరు వైపు పాకాడు. చెయ్యి ఎత్తాడు. కొక్కెం అందలేదు.

ఆ తర్వాత సంగతి సందు కాపలాదారు చెప్పాడు. చివరి షెడ్డు ముందు నుంచి పోతుంటే షట్టరు జానెడు లేచి ఉంది. ఆ ఖాళీలోంచి ఒక మొహం, నేల మీద గడ్డం ఆనించి, నోరు తెరిచి, వీధి దీపం వైపు చూస్తోంది. పైగా ఎర్రగా ఉంది.

“దెయ్యం! తల ఒక్కటే ఉంది, కింద ఒళ్లు లేదు!” అని అరుచుకుంటూ పరిగెత్తి టీకొట్టు అక్క తలుపు బాదాడు. ఆవిడ వచ్చి చూసింది.

“ఒళ్లు లోపలుంది, సన్నాసీ! కాళ్లు పట్టుకు లాగుతావా, చేతులు పట్టుకు లాగుతావా?” అని తనే షట్టరు పైకి తోసింది.

ఆసుపత్రిలో మావయ్యకి తెలివొచ్చేసరికి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. అమ్మ పక్కనే ఉంది. నేనూ ఉన్నాను. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, ఇంజను పొగలో కంటికి కనపడని, వాసన లేని విషవాయువు ఉంటుందని, అది రక్తంలో నిండిపోయిందని చెప్పింది.

“కానీ నేను ఇంజను ఆపేశానమ్మా... ఆపాకే పడ్డాను” అన్నాడు మావయ్య.

“ఇంజను ఆగితే కొత్త పొగ రాదు. మూసిన గదిలో ఉన్న పొగ ఎక్కడికి పోతుంది?”

మావయ్య నన్ను చూశాడు. నేను అమ్మని చూశాను. అమ్మ నేల చూస్తోంది.

“ఇలా పోయినవాళ్లు ఎలా ఉంటారు డాక్టరమ్మా?” అని అడిగింది చివరికి.

“నిద్రపోతున్నట్టు ఉంటారు. కొందరికి ముఖం ఎర్రబారుతుంది.”

అమ్మ మెల్లగా అంది. “బతికుండగా ఎప్పుడూ అంత రంగు లేదు ఆయనకి. నేను అన్నాను కూడా... చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో అని. ఏడుస్తూ పిచ్చిగా వాగుతోందనుకున్నారు.”

తల బరువు, గుండెల మీద మనిషి, వెనక దగ్గు... అవన్నీ కూడా ఆ వాయువు చేసే పనులేనట. మెదడుకి ఊపిరి అందకపోతే లేనివి వినిపిస్తాయి, కనిపిస్తాయి. సందు సందంతా భయపడిన దెయ్యం అది. షట్టరు దించి ఎవరు ఇంజను తిప్పినా వచ్చి కూర్చుంటుంది. ఒక ఫ్యానుకి భయపడి పారిపోయేది.

మర్నాడు యజమాని వచ్చాడు. మావయ్య భుజం మీద చెయ్యి వేసి, “నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, ఆ చోటు మంచిది కాదు. ఏదో ఉంది అక్కడ” అన్నాడు.

చూశారా! గుండె అనే సాకు పనిచేయనప్పుడు దెయ్యాన్ని బయటికి తీశాడు. ఆయన దగ్గర రెండూ సిద్ధంగా ఉంటాయి. “ఉన్నది మీ నిర్లక్ష్యం సార్” అన్నాను. చరిత్ర అన్నాను, శ్రమ అన్నాను, నెత్తురు అన్నాను. గొంతు పెద్దదైంది. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. యజమాని జవాబు చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సందులో మెకానిక్కులంతా కలిసి ఆ షెడ్డు షట్టరు ఊడదీసి గోడకి ఆనించారు. ఇప్పుడు అక్కడ తలుపే లేదు. గాలి ఆడుతోంది. ఎవరికీ దగ్గు వినపడట్లేదు.

ఒక్కటి మిగిలింది.

మావయ్య ఇంటికి వచ్చాక అడిగాను. “కొక్కెం నువ్వే తీశావు కదా?”

“అందలేదని చెప్పాను కదరా.”

“స్పృహ లేకుండా తీసి ఉంటావు. కొక్కెం వదిలితే షట్టరు స్ప్రింగు బలానికి దానంతటదే జానెడు లేస్తుంది.”

“అలాగే రాసుకో.” గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి, “అల్లుడూ... నీ పుస్తకాల్లో అన్నిటికీ కారణాలున్నాయి, మంచిదే. ఇదొక్కటి నాకు వదిలెయ్యి. రాత్రిళ్లు మాట్లాడ్డానికి నాకు మాత్రం ఎవరున్నార్రా?” అన్నాడు.

నేను దెయ్యాల్ని నమ్మను. ఇప్పటికీ నమ్మను. కొక్కెం చూడ్డానికి వెళ్లాను. నా ఛాతీ ఎత్తున ఉంది. నేల మీద పాకే మనిషికి అందదు. నిలబడ్డ గుర్తు మావయ్యకి లేదు. అంతకుమించి నాకు తెలియదు.

యజమానిగారూ, ఇది మీరు చదువుతారని తెలిసే రాశాను. ఆ రాత్రి షట్టరు ఎవరు ఎత్తారని మిమ్మల్ని అడగను. ఎత్తినవాడు ఎవడైనా తన పని తాను చేశాడు. నేను అడిగేది మీరు చేయగలిగింది. సందు మధ్యలో, మెకానిక్కుల ముందు, మా అమ్మ ముందు నిలబడి, మా నాన్న గుండె దానంతటదే ఆగిందో, మీ షెడ్డు ఆపిందో మీ నోటితో చెప్పండి.

జవాబు ఈసారి వానలు మొదలయ్యేలోపు, జూన్ ఒకటో తేదీ లోపు కావాలి.